మే నెలలో కుటుంబంతో విశాఖ: రూము ఎక్కడ తీసుకోవాలి, చేప ఎప్పుడు తినాలి

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇదీ: మే రెండో వారంలో మూడు రాత్రులు విశాఖపట్నంలో ఉండాలని అనుకుంటున్నారు. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, మీ అత్తగారు, మామగారు, మొత్తం ఆరుగురు. మామగారికి షుగర్. అత్తగారు నీచు ముట్టరు. రుషికొండ వైపు బీచ్ రిసార్ట్ తీసుకోవాలా, ఊళ్ళో హోటల్ చాలా, మంచి చేపల భోజనం ఎక్కడ దొరుకుతుంది అని మీ ప్రశ్న.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ట్రావెల్స్ నడుపుతున్నాను. కుటుంబాలను విశాఖ పంపడం, చాలాసార్లు వాళ్ళ వెంట వెళ్ళడం నా పని. కాబట్టి మీలాంటి కుటుంబానికి నేనిచ్చే సలహా సూటిగా చెబుతాను. రూము ఊళ్ళోనే తీసుకోండి. సముద్రానికి దగ్గరగా ఉందా అని కాదు, టిఫినుకీ భోజనానికీ దగ్గరగా ఉందా అని చూసుకోండి.

ఎందుకంటే మే నెలలో సముద్రం మనకు పనికొచ్చేది రోజుకు రెండు పూటలే. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడున్నర దాకా, మళ్ళీ సాయంత్రం ఐదు దాటాక. ఆ నెలలో అక్కడ ఐదున్నరలోపే సూర్యోదయం అయిపోతుంది. తొమ్మిదయ్యేసరికి ఇసుక కాలుతుంది, నీళ్ళమీద ఎండ కళ్ళలో పడుతుంది. మన గుంటూరులో 44, 45 డిగ్రీల పొడి ఎండకు అలవాటు పడినవాళ్ళు విశాఖలో ఉష్ణోగ్రత తక్కువ కదా అనుకుంటారు. తక్కువే, కానీ గాలిలో తేమ ఎక్కువ కావడంతో పది నిమిషాలు నడిస్తే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. పెద్దవాళ్ళకు ఆ ఉక్క మన ఎండకంటే ఎక్కువ నీరసం తెస్తుంది. అందుకని పది నుంచి నాలుగున్నర దాకా మీరు ఉండేది రూములోనో, కారులోనో, భోజనం బల్ల దగ్గరో. ఆ సమయమంతా సీ వ్యూ రూములో కర్టెన్లు వేసుకుని ఏసీలో పడుకోవడానికి రెట్టింపు డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

రిసార్ట్‌తో ఇంకో ఇబ్బంది రాత్రిపూట తెలుస్తుంది. స్టేషన్ నుంచి రుషికొండ సుమారు 15 కిలోమీటర్లు. పగలు పరవాలేదు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక అక్కడి నుంచి ఊళ్ళోకి వచ్చి తిని, మళ్ళీ వెనక్కి వెళ్ళాలంటే క్యాబ్ కోసం చూస్తూ కూర్చోవాలి. ఒకసారి మేము తీసుకెళ్ళిన కుటుంబం ఊరి బయట ఒక రిసార్ట్ తామే బుక్ చేసుకుంది. రాత్రి పది అవుతుంటే వంటగది కట్టేశామన్నారు. పెద్దాయన మాత్ర వేసుకోవాలి, కడుపులో ఏదో ఒకటి పడాలి. పెరుగన్నం అడిగితే లేదు, ఉన్నది శాండ్‌విచ్ ఒక్కటే. చివరికి మా డ్రైవరు ఎంవీపీ కాలనీ దాకా వచ్చి ఇడ్లీ కట్టించుకుని వెళ్ళాడు. ఇంట్లో షుగర్ మనిషి ఉన్నప్పుడు వేళకు తిండి దొరకడం అన్నిటికంటే ముఖ్యం. మీ మామగారి గురించి చదవగానే నాకు ఆ రాత్రే గుర్తుకొచ్చింది.

ఊళ్ళో అంటే ఏ పేట అని అడుగుతారు. నన్నడిగితే ద్వారకానగర్, ఆశీలుమెట్ట, సిరిపురం ఈ మూడింటిలో ఎక్కడైనా సరే. ఆర్టీసీ కాంప్లెక్స్ అక్కడే. టిఫిన్ సెంటర్లు, మందుల షాపులు, పాలు, పండ్లు నడిచి వెళ్ళేంత దూరంలో దొరుకుతాయి. ఆర్కే బీచ్‌కు ఆటోలో కొద్ది నిమిషాల దారి. డాబాగార్డెన్స్, జగదాంబ సెంటర్ వైపు కూడా దసపల్లా, డాల్ఫిన్ లాంటి పాత పేరున్న హోటళ్ళున్నాయి, కాకపోతే అటు ట్రాఫిక్ ఎక్కువ. పాండురంగాపురం, బీచ్ రోడ్డు మీద నోవోటెల్, ది పార్క్ స్థాయివాటిలో ఎదురుగానే సముద్రం, రేటు కూడా అలాగే ఉంటుంది. పిల్లలకు కిటికీలోంచి సముద్రం చూపించాలని గట్టిగా ఉంటే ఆఖరి రాత్రి ఒక్కటీ అటు మారండి. మూడు రాత్రులూ వద్దు.

బుక్ చేసేముందు హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి మాట్లాడండి. మొదట అడగాల్సింది చెకౌట్ లెక్క. కొన్ని మధ్యతరగతి హోటళ్ళు, లాడ్జీలు ఇప్పటికీ 24 గంటల లెక్కన రూము ఇస్తాయి. పెద్ద హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండుకో, పదకొండుకో ఖాళీ చేయాలి. మీ రైలు ఎప్పుడు చేరుతుందో దాన్నిబట్టి ఇందులో ఒక పూట కలిసొస్తుంది, లేదా పోతుంది. రెండోది లిఫ్టు, జనరేటర్. మూడోది, 'సీ వ్యూ' అని రాసి ఉంటే మంచం మీద కూర్చుంటే కనిపిస్తుందా, బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే కనిపిస్తుందా అని అడగండి. మొహమాటపడకండి. ఆ మాటకే ధర పెరుగుతుంది కాబట్టి అడిగే హక్కు మీకుంది. రెండు రూములు ఒకే అంతస్తులో, పక్కపక్కనే కావాలని ముందే రాయించుకోండి. రాత్రి మామగారికి ఏదైనా అయితే అత్తగారు లిఫ్టు కోసం చూడకూడదు. పెద్దవాళ్ళందరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి.

బిల్లు సంగతి కూడా చెబుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు ₹7,500 వరకు ఉన్న రూములకు జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు 12 ఉండేది. ₹7,500 దాటితే 18 శాతం. మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. సర్వీస్ చార్జి అని విడిగా వేస్తే అది తప్పనిసరి కాదు, తీసేయమంటే తీసేయాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే ఈ మాట చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. కౌంటర్ దగ్గర గొడవ పడనక్కర్లేదు, నెమ్మదిగా అడగండి, చాలాచోట్ల తీసేస్తారు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

రూముతోపాటు ఉదయం టిఫిన్ ఉచితం అంటే వెంటనే సరే అనకండి. ఆ బఫే సాధారణంగా ఏడున్నరకు మొదలవుతుంది. మీరు సముద్రం దగ్గరికి ఐదింటికి వెళ్ళి ఏడింటికి తిరిగొస్తారు, అప్పటికే పిల్లలకు ఆకలి. సింహాచలం వెళ్ళే రోజు ఆరుకే బయలుదేరాలి. టిఫిన్ లేకుండా రేటెంతో అడిగి, తేడా ఎక్కువగా ఉంటే బయటే తినండి. విశాఖలో బయట టిఫిన్ తినడమే ఒక సరదా. ద్వారకానగర్‌లో సాయిరామ్ పార్లర్ పేరు ఎవరినడిగినా చెబుతారు, ఉదయం జనం నిలబడే తింటుంటారు. అల్లం పచ్చడితో వేడి ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా ఇవన్నీ మీ అత్తగారికి కూడా సాగుతాయి. మన గుంటూరు శంకర్ విలాస్ హోటల్ రుచి నాలుకమీద పెట్టుకుని అక్కడ కారం వెతక్కండి. ఉత్తరాంధ్ర చేతివంటలో ఘాటు తక్కువ. పులుసులో కాస్త బెల్లం తగులుతుంది, కూరల్లో ఆవ, నువ్వులు కనిపిస్తాయి. మొదటి ముద్దకు చప్పగా అనిపించినా రెండో రోజుకు నచ్చుతుంది. మామగారికి మాత్రం పులుసు వడ్డించేముందు బెల్లం వేశారా అని అడగండి.

ఇక చేపలు. మీ ప్రశ్నలో అసలు విషయం ఇదే కాబట్టి తీరిగ్గా చెబుతాను.

మన తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో వరసగా కట్టేసి ఉంటాయి. యంత్రం లేని సంప్రదాయ తెప్పలకు మాత్రమే మినహాయింపు. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తాయి. అంటే విశాఖకు చేపల కోసం జనం ఎక్కువగా వెళ్ళే నెలలోనే అక్కడ తాజా సముద్రపు చేప బాగా తక్కువ. అయినా హోటళ్ళలో వంజరం, చందువ మెనూలోంచి పోవు. ఎక్కడివి అంటే, కొంత కోల్డ్ స్టోరేజీలోది. కొంత పశ్చిమ తీరం నుంచి ఐస్‌లో రావచ్చు, అటువైపు నిషేధం జూన్ 1న గానీ మొదలవదు. తినకూడదని కాదు. కానీ సముద్రం ఒడ్డున ఉన్నాం కదా, పొద్దున పట్టిందే అయివుంటుంది అనుకుని తాజా చేప ధర చెల్లించకండి.

మరి మే నెలలో ఏం తినాలి? రొయ్యలు తినండి, చెరువుల్లో పెంచేవి కాబట్టి నిషేధంతో సంబంధం లేదు, తాజాగా వస్తాయి. పండుగప్ప తినండి, దాన్నీ మన తీరప్రాంతంలో చెరువుల్లో పెంచుతారు, ముల్లు తక్కువ, పిల్లలకు పెట్టడం తేలిక. పీతలు బతికి ఉన్నవి చూపిస్తే తీసుకోండి. తెప్పల మీద పట్టిన చిన్న చేపలు, కవళ్ళు, నెత్తళ్ళు, కానాగర్తలు దొరికితే అదృష్టం. వాటి ఇగురు, వేపుడు వంజరం ముక్కకంటే రుచిగా ఉంటాయని నా అభిప్రాయం. ధర కూడా తక్కువ. అక్కడివాళ్ళు వంజరాన్ని కోనాం అంటారు, ఆ పేరు విని వేరే చేప అనుకోకండి.

చేపల హోటల్లో మనవాళ్ళు ఎక్కువమంది మొదట చెప్పేది అపోలో ఫిష్. ముల్లు లేని ముక్కలు, పిల్లలు గొడవ చేయకుండా తింటారు, నిజమే. కానీ అది సాధారణంగా కొర్రమీనుతోనో, బాసా చేపతోనో చేస్తారు. రెండూ మంచినీటివే. విజయవాడలో, గుంటూరులో ఏ బిర్యానీ హోటల్లోనైనా అదే దొరుకుతుంది. దానికోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు.

మెనూలో కొన్నింటి పక్కన ధర ఉండదు, ఏపీఎస్ అని ఉంటుంది. సైజును బట్టి రేటు అని దానర్థం. అలాంటప్పుడు చేపను వండకముందే పళ్ళెంలో తెచ్చి చూపించమనండి. మంచి హోటల్ అయితే ఏమీ అనుకోరు. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగితే వద్దనండి. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పైకి లేవాలి. తర్వాత బరువు ఎంత, ఆ బరువు శుభ్రం చేయకముందుదా చేశాకా, మొత్తం ఎంతవుతుంది అని రూపాయల్లో చెప్పించుకోండి. ఈ ఒక్క మాట అడగనందుకే బిల్లు దగ్గర చాలా కుటుంబాలకు టెన్షన్.

చేపల భోజనం మధ్యాహ్నమే పెట్టుకోండి. పొద్దున వచ్చిన సరుకు అప్పుడే వండుతారు, పులుసు కూడా అప్పటికి కుదురుతుంది. రాత్రికి మిగిలింది వేడిచేసి పెట్టే చోట్లు ఉంటాయి. పైగా పెద్దవాళ్ళకు రాత్రి తేలిగ్గా ఉంటేనే మంచిది. రుషికొండ దగ్గర రాజుగారి ధాబా అని అందరూ పిలిచే సీ ఇన్ చాలాకాలంగా పేరున్నది, మన ఇంటి వంటలా ఉంటుంది. భీమిలి వైపు వెళ్ళే రోజు మధ్యాహ్నం అక్కడ ఆగవచ్చు. పన్నెండున్నరలోపు చేరండి, సెలవుల్లో ఆదివారం ఒంటిగంట దాటితే బల్ల దొరకదు. పిల్లలకు ఇంతవరకు రొయ్యలు, పీతలు పెట్టి ఉండకపోతే ప్రయాణంలో మొదలుపెట్టకండి. పడకపోతే దద్దుర్లు వస్తాయి, కొత్త ఊళ్ళో అర్ధరాత్రి డాక్టరు కోసం తిరగాల్సి వస్తుంది.

అత్తగారి సంగతి. నీచు వండే గిన్నెల్లో వండింది తినరు అనుకుంటే చేపల హోటల్‌కు వెళ్ళే రోజు ఆవిడ భోజనం వేరే ఏర్పాటు చేయండి. 'వెజ్ కూడా ఉందండీ' అని వాళ్ళంటారు, కానీ ఆ వాసన మధ్య ఆవిడ ముద్ద మింగలేరు. ఇంట్లో పెద్దవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. ముందు ద్వారకానగర్‌లో శాకాహార హోటల్లో ఆవిడకు మీల్స్ పెట్టించి, తర్వాత మీరు చేపలకు వెళ్ళినా సరే, లేదా ఆవిడా పిల్లల్లో ఒకరూ రూములో విశ్రాంతి తీసుకున్నా సరే. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్న రోజున ఆంధ్రా భోజనం తీసుకోండి. దసపల్లాలో ధరణి అలాంటి పూటకు బాగుంటుంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా, కాల్చిన మొక్కజొన్న పొత్తు పిల్లలకు ఇప్పించండి. బళ్ళమీద ఎర్రటి మసాలా పూసి పేర్చిన చేపలు నోరూరిస్తాయి. ఆ నూనె ఎప్పటిదో తెలియదు, చేప పొద్దుటి నుంచి ఎండ వేడిలో ఉందో లేదో తెలియదు. నేనైతే నా మనవలకు పెట్టను.

సముద్రంలో దిగడం గురించి గట్టిగా చెప్పాలి. ఆర్కే బీచ్ చూడటానికి, కూర్చోవడానికే. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలుంటాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. యారాడ బీచ్ అందంగా ఉంటుంది, అక్కడా అదే ప్రమాదం. పిల్లలు నీళ్ళలో ఆడాలంటే రుషికొండ తీసుకెళ్ళండి, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్, లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడైనా గట్టు దగ్గరే, మోకాలి లోతు దాటకుండా, మీరు చేయి పట్టుకుని. మామగారిని చెప్పుల్లేకుండా ఇసుకలో నడవనివ్వకండి. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఇసుక కాలుతున్నా తెలియదు, గవ్వ గుచ్చుకున్నా తెలియదు, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. ఇన్సులిన్ వాడుతుంటే రూములో ఫ్రిజ్ ఉందా అని బుకింగ్‌లోనే అడగండి. గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకండి.

చూడాల్సినవి మీకు తెలిసే ఉంటాయి కాబట్టి భోజనం వేళలకు కుదిరేలా చెబుతాను. మొదటి సాయంత్రం ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన నౌక అది, 2002 నుంచి మ్యూజియం. లోపల గది నుంచి గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులుంటే అత్తగారిని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం దగ్గర కూర్చోబెట్టండి. సోమవారం సెలవు. రెండో రోజు తెల్లవారుజామునే సింహాచలం, వెనక్కి వచ్చి భోజనం, నిద్ర, సాయంత్రం కైలాసగిరి. అక్షయ తదియనాడు సింహాచలంలో చందనోత్సవం, నిజరూప దర్శనం కోసం జనం విపరీతంగా వస్తారు. పెద్దవాళ్ళతో ఆ చుట్టుపక్కల రోజులు తప్పించండి. మూడో రోజు బీచ్ రోడ్డు పట్టుకుని తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. కారు మాట్లాడుకుంటే అడిగినచోట ఆగుతుంది. అరకు ఈసారికి వదిలేయండి. వెళ్ళిరావడానికే ఒక రోజు పూర్తిగా పోతుంది, ఘాట్‌లో పిల్లలు వాంతులు చేసుకుంటారు. దానికోసం శీతాకాలంలో రెండు రాత్రులు విడిగా పెట్టుకోండి.

తేదీలు మార్చుకునే వీలుంటే మాత్రం ఒక మాట. చేపలే ముఖ్యమైతే సంక్రాంతి సెలవులకు వెళ్ళండి. వేట జోరుగా ఉంటుంది, ఉక్క ఉండదు. ఆ రోజుల్లో బెంగాల్, ఒడిశా నుంచి కుటుంబాలు బాగా వస్తాయి కాబట్టి రూము నెల ముందే ఖాయం చేయాలి. దసరాకు కూడా రద్దీ అంతే, పైగా అది తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబర్ 12న. అడ్వాన్స్ తిరిగివ్వని బుకింగ్ ఆ నెలలో చేయకండి. ఇవేవీ కాదు, పిల్లలు ఒక్కపూట అలల్లో ఆడితే చాలు అనుకుంటే మీకు బాపట్ల దగ్గర సూర్యలంక ఉంది, పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి రావచ్చు.

తిరుగు ప్రయాణం పగటి రైలైతే ముందురోజు రాత్రే బిల్లు చూసి, తప్పులుంటే సరిచేయించి, డబ్బు కట్టేయండి. పొద్దున కౌంటర్ దగ్గర ఒక్కడే మనిషి ఉంటాడు, రైలు టైం దగ్గర పడుతుంటే లెక్కలు చూసే ఓపిక ఎవరికీ ఉండదు. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, మామగారి కోసం పెరుగన్నం కట్టించుకోండి. చుట్టాలకు మాడుగుల హల్వా కొనాలంటే ఆ సాయంత్రమే కొనండి. గోధుమపాలతో చేసేది, రెండు మూడు రోజులు బయట ఉన్నా ఏమీ కాదు.